జిగురు

షార్జాల, సజా ఇండస్ట్రియల్ ఏరియాల మా దుకాణం.
వినైల్ మీద అక్షరాలు కోసుడు, అతికిచ్చుడు,
పాతయి పీకుడు.
పదకొండేండ్లాయె.
ఈ ఏడు పీకుడే ఎక్కువున్నది.

మార్చిల 'లేబర్ క్యాంప్' బోర్డుకు నిచ్చెనేసినం.
హీట్ గన్‌తోటి మెల్లగ కాపితె
పాత అక్షరం అరటితొక్క లెక్క లేస్తది.
దాని జాగల 'స్టాఫ్ విలేజ్'.
విలేజ్ అంటె ఊరేనాయె, అని నవ్విండు గంగారాం,
ఊర్లె గేటుకాడ ఏలిముద్ర ఏసి ఇంట్లకు పోతరా?
లోపట గదికి ఎనిమిది మంచాలు,
అవి అట్లనే ఉన్నయి.

ఎండకు ఎలిసిన రేకు మీద
అక్షరమున్నంత మేర రంగు పచ్చిగుంటది.
థిన్నర్ పెట్టి తుడిచిన. మళ్ల తుడిచిన.
దూరం నిలవడి చూస్తె
ఇంక సాఫ్‌గ చదువొస్తున్నది.

సైటు కాడ ఇంకో బోర్డున్నది:
'ప్రమాదం లేని దినాలు'.
అంకెలు మావే, మాగ్నెట్‌వి.
బుచ్చవ్వ కొడుకు మెట్ల మీంచి పడి పోయిన నాడు
రెండువందల పన్నెండు తీసి
పదమూడు పెట్టుమన్నరు.
విలేజ్‌ల పడ్డడట, సైటుల కాదట.
పెట్టిన.

డ్యూటీ దిగినంక మెస్ హాల్ల క్లాసు,
మర్యాద భాష మీద.
కోటేసుకున్న చిన్నపిల్ల, చెమట పట్టని పిల్ల,
తెర మీద ఎడమదిక్కు ఎర్రమాటలు,
కుడిదిక్కు ఆకుపచ్చ మాటలు చూపిచ్చింది.
కద్దామా అనొద్దు.
దేశం పేరు పెట్టి మనిషిని పిలువొద్దు.
ఫోర్‌మన్ మొదటి వరుసల కూసున్నడు.
గాడిద అన్న మాట ఎర్రదిక్కుకు రాంగనే
బూట్లు చూసుకున్నడు.
అబద్ధమెందుకు, మనసుల సల్లగైంది.

నా పక్కన కూసున్నోన్ని
తొమ్మిదేండ్ల సంది బంగాలీ అంటున్న.
ఒక్క కుక్కర్ల తిన్నం,
నాకు జొరమొస్తె నా బట్టలు పిండిండు.
ఆ దినం అడిగిన, నీ పేరేందని.
మొఫిజుల్, అన్నడు.
నా పేరు ఆయనా అడిగిండు.

రెండు దినాలు పేర్లతోటి పిలుసుకున్నం,
కొత్త వియ్యంకుల లెక్క.
మూడోనాడు కూరల ఉప్పెక్కువైంది.
'ఓ మద్రాసీ!' అని కేకేసిండు.
పానం లేసొచ్చింది.

క్లాసు ఆఖర్న ఆ పిల్ల
ఒక్కొక్కల్ని లేపింది:
మిమ్ముల బాధపెట్టిన మాట ఒకటి చెప్పుమని.
నిలవడ్డ.
నేను అనిపిచ్చుకున్నది యాదికి రాలే.
అన్నది వచ్చింది.

పదేండ్ల పోరణ్ని,
మా తాతంత మనిషి, డప్పు సంకకేసుకొని
వాకిలి బయటనే నిలవడెటోడు.
కులం పేరు పెట్టి,
వెనుక ఒక 'రా' తలిగిచ్చి,
గట్టిగ పిలిచెటోన్ని.
దొరా, అని నా దిక్కు నవ్వెటోడు.
మా నాయిన కూడ నవ్వెటోడు.

ఏం లేదు మేడం, అన్న.
నా పేరు పక్కన టిక్కు పెట్టుకున్నది.

ఆ రాత్రి చెల్లెకు ఫోన్ చేసిన.
ఆయన పేరేందే?
ఎవలు, ఆయనా? అని కులమే చెప్పింది.
గది కాదు, పేరు, అన్న.
గిప్పుడెందుకన్నా, సచ్చి ఇరువై ఏండ్లాయె, అన్నది.
ఎవలనన్న అడుగుత, అన్నది.
అడగలే.

నిన్న వినైల్ ముక్కలు మిగిలినయి, నీలంవి.
మిషన్ల తెలుగు అక్షరాలు లేవు,
బ్లేడుతోటి చేత్తోని కోసిన.
పొల్లు కాడ చెయ్యి జారింది గని నిలవడ్డది.
మొఫిజుల్ మంచం తలాపున అతికిచ్చిన.
ఇంకో నీలం ముక్క జేబులేసుకున్న,
ఏం కొయ్యాల్నో ఎర్కలేక.

డ్యూటీ నుంచి వచ్చి లైటేసిండు.
ఏలితోటి అక్షరాల మీద రాసి చూసిండు.
ఏం రాసినవురా మద్రాసీ, బంగాలీ అనేనా?